ఎక్సెల్ ఉంది, కానీ లేదు: అప్లికేషన్ వర్చువలైజేషన్‌లో ఆఫీస్ పెట్టే చిక్కు

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీ. సోమవారం పొద్దున పదింపావు. అకౌంట్స్ సెక్షన్‌లో ఒక మేడమ్ తమ పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ‘ఎక్స్‌పోర్ట్ టు ఎక్సెల్’ నొక్కారు. చిన్న డబ్బా ఒకటి పైకొచ్చింది: రన్‌టైమ్ ఎర్రర్ 429. స్టార్ట్ మెనూలోంచి ఎక్సెల్ నొక్కితే మాత్రం టక్కున తెరుచుకుంటోంది. "ఇదిగో, కళ్లముందు ఎక్సెల్ కనిపిస్తూనే ఉంది. ఇదేమో లేదంటోంది. శని ఆదివారాల్లో మీ ఐటీ వాళ్లు ఏం కెలికారు బాబూ?" అని అడిగారు ఆవిడ. కెలికిన వాళ్లలో నేనూ ఉన్నాను. శనివారం రాత్రి ఆ ఫ్లోర్‌లోని మెషీన్లన్నింటిలో ఇన్‌స్టాల్ చేసి ఉన్న మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ను తీసేసి, దాని బదులు వర్చువల్ ఆఫీస్‌ను దించాం.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఎక్సెల్ ఉంది, కానీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంటికి లేదు. ఒకే మెషీన్‌లో ఒక ప్రోగ్రామ్ కొందరికి కనిపించి కొందరికి కనిపించకపోవడం ఎలాగో తెలిస్తే ఈ సబ్జెక్టు ముప్పాతిక వంతు వచ్చేసినట్టే.

ఈ గొడవ మళ్లీ పైకి రావడానికి కారణం తేదీలు. 2025 అక్టోబరు 14న ఒకే రోజు విండోస్ 10కీ, ఆఫీస్ 2016కీ, ఆఫీస్ 2019కీ మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ముగిసింది. అప్లికేషన్ వర్చువలైజేషన్‌కు, అంటే ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపే పద్ధతికి, మైక్రోసాఫ్ట్ సరుకైన ఆప్-వీలో సర్వర్ భాగానికి ఆఖరి గడువు 2026 ఏప్రిల్ 14. ఈ రెంటి నడుమ మాదాపూర్ నుంచి కోకాపేట దాకా ప్రతి ఐటీ మేనేజరు ముందూ ఒకే ప్రశ్న: ఈసారి వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్‌లను ఎక్కడ పెట్టాలి? మెషీన్ మీదా, వర్చువలైజ్ చేసిన ‘బుడగ’లోనా, సర్వర్ మీదా?

ఒకే మాటకు నాలుగు అర్థాలు

మీటింగుల్లో సగం వాదనలు ‘వర్చువల్’ అనే మాట దగ్గరే మొదలవుతాయి. ఒకరు ఒకటంటారు, ఇంకొకరికి ఇంకోటి వినిపిస్తుంది.

వర్చువల్ మెషీన్ అంటే ఒక పెద్ద సర్వర్ లోపల పది కంప్యూటర్లు ఉన్నట్టు నడపడం. వర్చువల్ డెస్క్‌టాప్, అంటే వీడీఐ, ఆ మెషీన్లలో ఒకదాని డెస్క్‌టాప్‌ను మీ స్క్రీన్ మీదికి బొమ్మలా పంపుతుంది. సిట్రిక్స్, అజ్యూర్ వర్చువల్ డెస్క్‌టాప్ లాంటివి చేసేది ఇదే. రిమోట్ యాప్ అంటే డెస్క్‌టాప్ మొత్తం కాకుండా ఒక్క ప్రోగ్రామ్ కిటికీనే పంపడం. ఈ మూడింటిలోనూ పని జరిగేది సర్వర్ దగ్గర.

అప్లికేషన్ వర్చువలైజేషన్ వేరు. ఇక్కడ ప్రోగ్రామ్ మీ మెషీన్‌లోనే, మీ ప్రాసెసర్ మీదే, మీ ర్యామ్‌లోనే నడుస్తుంది. కాకపోతే ఇన్‌స్టాల్ అయి ఉండదు. బ్రౌజర్‌లో వాడే వర్డ్, ఎక్సెల్ ఈ నాలుగింటిలో దేనికీ చెందవు; అవి వెబ్‌సైట్లు.

తేడా పట్టుకోవడానికి ఒక మోటు పరీక్ష ఉంది. వర్డ్‌లో టైప్ చేస్తూ నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. కిటికీ బిగుసుకుపోతే పని సర్వర్ దగ్గర జరుగుతోంది. అక్షరాలు పడుతూనే ఉంటే ప్రోగ్రామ్ మీ దగ్గరే ఉంది. దీనికీ ఒక మినహాయింపు ఉంది, నెట్‌వర్క్ లెక్కల దగ్గర చెబుతాను.

గోడకు మేకు కొట్టని కిరాయిదారు

హైదరాబాద్‌లో కిరాయికి ఇల్లు వెతికిన వాళ్లందరూ విన్న మాటే: "గోడలకు మేకులు కొట్టొద్దు." మామూలు ఇన్‌స్టలేషన్ ఆ మాట వినని కిరాయిదారు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో సామాను దించుతుంది, సిస్టమ్ ఫోల్డర్లలో డీఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్ ఫైళ్లు) పెడుతుంది, విండోస్ సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీ నిండా వేల మేకులు కొడుతుంది. ఖాళీ చేసి వెళ్లినా చిల్లులు మిగులుతాయి. రెండో కిరాయిదారుకు అదే చోట వేరే సైజు మేకు కావాలంటే ఇద్దరికీ పేచీ. ఒక సాఫ్ట్‌వేర్‌కు ఒక డీఎల్ఎల్ పాత వెర్షన్, ఇంకోదానికి కొత్తది కావాల్సి రావడం అలాంటి పేచీయే.

వర్చువలైజ్ చేసిన అప్లికేషన్ తన అల్మారా, తన కొక్కేలు, తన పరుపు అన్నీ తనే తెచ్చుకుంటుంది. గోడ ముట్టదు. వెళ్లమంటే అన్నీ సర్దుకుని వెళ్తుంది. దాని సామానంతా ఉన్న హద్దునే మా ఫీల్డులో బుడగ అంటాం.

ఆ బుడగ తయారుచేసే పని పేరు సీక్వెన్సింగ్. ఖాళీ విండోస్ మెషీన్ ఒకటి తీసుకుని, సీక్వెన్సర్‌ను గమనిస్తూ కూర్చోబెట్టి, ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేస్తారు. ఏ ఫైల్ ఎక్కడ పడింది, రిజిస్ట్రీలో ఏ లైను మారింది అన్నీ అది రాసుకుని ఒకే ప్యాకేజీగా కడుతుంది. ఆ ప్యాకేజీని ఉద్యోగుల మెషీన్లకు చేర్చి, షార్ట్‌కట్లు కనిపించేలా చేయడం పబ్లిషింగ్. ఒకప్పుడు అమీర్‌పేట బోర్డుల మీద ‘అప్లికేషన్ ప్యాకేజింగ్’ అని వేలాడిన కోర్సుల్లో నేర్పింది ప్రధానంగా ఇదే.

అడిగిన దానికి ఎవరు జవాబిస్తారు?

లోపల జరిగేది పేరుకు పెద్దది గానీ, ఊహకు అందేదే. ఏ ప్రోగ్రామ్ అయినా రోజంతా చేసే పని విండోస్‌ను ప్రశ్నలు అడగడం. ఫలానా ఫైల్ ఉందా? ఫలానా సెట్టింగ్ ఎంత? ఉద్యోగి మెషీన్‌లో ఉండే ఆప్-వీ భాగం, అంటే ఆప్-వీ క్లయింట్, మధ్యలో కూర్చుని ఆ ప్రశ్నలను పట్టుకుంటుంది.

ఒక ఉదాహరణ. బుడగలోని ఎక్సెల్ ‘డిఫాల్ట్ ఫాంట్ ఏది?’ అని రిజిస్ట్రీని అడిగింది. క్లయింట్ ముందు ఆ యూజర్ సొంతంగా మార్చుకున్నవి దాచిన పొరలో చూస్తుంది. అక్కడ లేకపోతే ప్యాకేజీతో వచ్చిన వర్చువల్ రిజిస్ట్రీలో. అక్కడా లేకపోతే అసలు విండోస్ రిజిస్ట్రీలో. మూడు పొరలు, పైనుంచి కిందికి. రాయడం మాత్రం ఎప్పుడూ పై పొరలోనే. మీరు ఫాంట్ మారిస్తే ప్యాకేజీ చెక్కుచెదరదు, మీ పొరలో ఒక కాగితం అంటుకుంటుంది. మీకు ఏదైనా పాడైతే మేం ప్యాకేజీ జోలికి పోం, ఆ కాగితం చింపేస్తాం. హెల్ప్‌డెస్క్ వాళ్లకు ఇది నిజంగా వరం. అరగంట పట్టే రీఇన్‌స్టాల్ బదులు ఒక నిమిషం రిపేర్.

అన్నింటినీ బుడగలో పెట్టలేం. డ్రైవర్లు, విండోస్ బూట్ అవుతూనే లేచే సర్వీసులు విండోస్‌తో నేరుగా కాపురం చేయాల్సినవే. స్కానర్ డ్రైవర్‌ను బుడగలో పెడదామన్న వాళ్లను చూశాను, స్కానర్ ఒప్పుకోలేదు.

ఆఫీస్ ఎందుకు మామూలు కిరాయిదారు కాదు

కాలిక్యులేటర్ లాంటి ప్రోగ్రామ్‌ను బుడగలో పెడితే ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆఫీస్ అలా కాదు. వీధిలో అందరి ఉత్తరాలూ వచ్చిపడే ఇల్లు అది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్సెల్‌ను పిలుస్తుంది. హెచ్‌ఆర్ పోర్టల్ ఆఫర్ లెటర్ కోసం వర్డ్‌ను పిలుస్తుంది. ఏ డాక్యుమెంట్ మీద రైట్ క్లిక్ చేసి ‘మెయిల్ చేయి’ అన్నా అవుట్‌లుక్ తలుపు తట్టాలి. బ్రౌజర్, పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్, అందరికీ ఆ ఇంటి అడ్రసు కావాలి. చుట్టూ గోడ కట్టి ఇతరుల నుంచి వేరుచేయడమే వర్చువలైజేషన్ లాభమైతే, ఆఫీస్ విషయంలో కట్టిన గోడకు వెంటనే డజను తలుపులు కొట్టాలి. ఈ విషయంలో తగాదాలన్నీ ఆ తలుపుల దగ్గరివే.

మేడమ్ గారి 429 కూడా తలుపు తగాదాయే. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను పిలవడానికి విండోస్‌లో ఉన్న పద్ధతి పేరు కామ్. ‘ఎక్సెల్ కావాలి’ అని అడిగితే విండోస్ తన రిజిస్ట్రీలో ఎక్సెల్ అడ్రసు చూసి తెచ్చిస్తుంది. ఆప్-వీ ఆ అడ్రసును రెండు రకాలుగా రాయగలదు: ఒక యూజర్ ఖాతాలో, లేదా మెషీన్ మొత్తానికి. మెషీన్ మొత్తానికి రాయడాన్ని గ్లోబల్ పబ్లిషింగ్ అంటారు. ఆఫీస్ ప్యాకేజీలను గ్లోబల్‌గానే పబ్లిష్ చేయాలన్నది మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతు. మావాళ్లలో ఒకరు ఆ ఫ్లోర్‌కు యూజర్ ఖాతాలోకే పబ్లిష్ చేశారు. చాలామందికి ఏ తేడా తెలియలేదు. కానీ ఆ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంత పాతదంటే, దాన్ని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ పెట్టకపోతే అసలు లేవదు. అడ్మిన్ హోదాలో నడిచే ప్రోగ్రామ్‌లు యూజర్ ఖాతాలో రాసిన కామ్ అడ్రసులను పట్టించుకోవు. అది విండోస్ భద్రత కోసం పెట్టిన నియమం. కాబట్టి ఆవిడ స్టార్ట్ మెనూకు ఎక్సెల్ కనిపించింది, ఆవిడ సాఫ్ట్‌వేర్‌కు కనిపించలేదు.

సాఫ్ట్‌గ్రిడ్ నుంచి క్లిక్-టు-రన్ దాకా

ఆప్-వీ పుట్టింది మైక్రోసాఫ్ట్‌లో కాదు. బోస్టన్‌కు చెందిన సాఫ్ట్‌రిసిటీ అనే కంపెనీ సాఫ్ట్‌గ్రిడ్ పేరుతో తయారుచేసింది. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. తర్వాత పేరు ఆప్-వీ అయింది. దాని ప్రత్యర్థి థిన్‌స్టాల్‌ను 2008లో వీఎంవేర్ కొని థిన్‌యాప్ అని పేరు పెట్టింది.

4.x వెర్షన్ల కాలంలో ప్యాకేజీలు క్యూ అనే ఒక ఉత్తుత్తి డ్రైవ్‌లో ఉన్నట్టు కనిపించేవి. ఆఫీస్ 2010ను అప్పట్లో స్వయంగా సీక్వెన్స్ చేయగలిగేవాళ్లం, కానీ మొత్తం బుడగలో ఇమడలేదు. లైసెన్సు చూసుకునే సర్వీసును, షేర్‌పాయింట్ లింకులు, అవుట్‌లుక్ సెర్చ్ లాంటివి పనిచేయడానికి ప్రాక్సీలను మెషీన్ మీద విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చేది. అంటే గోడ కట్టడం మొదలైన రోజే తలుపుల బిల్లు వచ్చింది.

2012లో వచ్చిన ఆప్-వీ 5.0తో క్యూ డ్రైవ్ పోయింది. దాంతోపాటు ఆఫీస్ 2013 నుంచి ఇంకో మార్పు: ఆఫీస్‌ను మన సీక్వెన్సర్‌తో సీక్వెన్స్ చేయడానికి సపోర్టు లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఆఫీస్ డిప్లాయ్‌మెంట్ టూల్‌తోనే ఫైళ్లు దించుకుని, దాంతోనే ప్యాకేజీగా మార్చుకోవాలి. ఏ ప్రోగ్రామ్‌లు వద్దో, 32 బిట్టా 64 బిట్టా, లైసెన్సు ఏ తీరులో ఉండాలో ఒక చిన్న ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో రాసిస్తే చాలు. ఆ ప్యాకేజీ నడవాలంటే క్లయింట్‌లో ప్యాకేజీ స్క్రిప్టులకు అనుమతి ఆన్ చేసి ఉండాలి. అది మరిచిపోయి రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్న వాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉంటారు.

ఈ కథలో చాలామందికి తెలియని మలుపు ఒకటుంది. ఇంట్లో లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ 365 (చందా కట్టి వాడే ఆఫీస్) వేసుకుంటే, డౌన్‌లోడ్ పూర్తి కాకముందే వర్డ్ తెరుచుకుని పనిచేయడం చూసే ఉంటారు. ఆ పద్ధతి పేరు క్లిక్-టు-రన్. ఆఫీస్ 2010 రోజుల్లో మొదలైన ఆ పద్ధతికి పునాది ఆప్-వీ టెక్నాలజీయే. ఆఫీస్ 2019 నుంచి విండోస్‌లో పాతకాలపు ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ పూర్తిగా పోయి క్లిక్-టు-రన్ ఒక్కటే మిగిలింది. కాబట్టి "మేం వర్చువలైజేషన్ జోలికి పోం, మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తాం" అనే మేనేజరు లాప్‌టాప్‌లోనూ ఆ వంశం ఆఫీసే ఉంది. తేడా ఏమిటంటే, అక్కడ తలుపులన్నీ మైక్రోసాఫ్టే కొట్టి ఇచ్చింది.

సీటు లెక్కా, మనిషి లెక్కా

లైసెన్సు దగ్గర టెక్నాలజీ కన్నా ఎక్కువ డబ్బు పోతుంది. ఒక లెక్క వేద్దాం. రాయదుర్గంలో మూడు షిఫ్టుల ఆపరేషన్స్ సెంటర్ అనుకోండి. ఉద్యోగులు 400 మంది, సీట్లు 150. ఎవరికీ సొంత సీటు లేదు, క్యాబ్ దిగి ఖాళీగా ఉన్న చోట కూర్చుంటారు.

వాల్యూమ్ లైసెన్సుతో, అంటే కంపెనీ టోకున, కొన్న ఆఫీస్ మెషీన్‌కు కట్టుబడి ఉంటుంది. 150 సీట్లు, 150 లైసెన్సులు. చాలా చవకగా కనిపిస్తుంది. కానీ వీడీఐ పెట్టి ఇంటి నుంచి కూడా లాగిన్ కావచ్చన్నారనుకోండి, సర్వర్ మీది ఆఫీస్‌ను ఏ పరికరం నుంచి వాడితే ఆ పరికరానికీ లైసెన్సు ఉండాలి. 400 మందిలో 200 మంది ఇంటి లాప్‌టాప్‌తో వస్తే లెక్క 350కి చేరుతుంది. మైక్రోసాఫ్ట్ 365లో లైసెన్సు మనిషికి కట్టుబడుతుంది: 400 మంది, 400 లైసెన్సులు, ఎక్కడి నుంచి వచ్చినా అంతే. ఇంటి నుంచి వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ రెండు అంకెలూ దగ్గరవుతాయి. ధర తేడా కూడా కలిపి చూడాలి గానీ, ముందు లెక్కించాల్సింది మనుషులనా, మెషీన్లనా అన్నది తేల్చుకోకుండా ధరల పట్టిక తెరవడం వృథా.

మనిషి లైసెన్సుకు దాని చిక్కు దానికుంది. ఒక్కొక్కరికి ఐదు కంప్యూటర్ల మీదే సైన్ ఇన్ అనుమతి. రోజుకో సీటులో కూర్చునే వాడికి ఆరో రోజుకే హద్దు దాటుతుంది. ఇప్పుడైతే అన్నిటికన్నా ఎక్కువ కాలంగా వాడని మెషీన్ నుంచి దానంతటదే సైన్ అవుట్ అవుతుంది గానీ, షిఫ్టుల సెంటర్‌లో అది గందరగోళమే. దానికి మందుగా 2014లో షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ వచ్చింది. ఎక్స్ఎంఎల్‌లో ఒక లైను మార్చితే చాలు, ఆ మెషీన్ ఐదింటి లెక్కలోకి రాదు. కొన్ని రోజులపాటు చెల్లే టోకెన్ ఆ యూజర్‌కు దొరుకుతుంది, గడువు దగ్గరపడితే ఇంటర్నెట్ నుంచి మళ్లీ తెచ్చుకుంటుంది. ఇది అన్ని ప్లాన్లలో లేదు. ఎంటర్‌ప్రైజ్ ప్లాన్లలో, బిజినెస్ ప్రీమియంలో ఉంది. బిజినెస్ స్టాండర్డ్‌లో లేదు. చిన్న కంపెనీలు సర్వర్ కొన్న తర్వాత ఈ సంగతి తెలుసుకుంటాయి.

వాల్యూమ్ లైసెన్సు వాళ్లు యాక్టివేషన్ కోసం తమ దగ్గరే నడుపుకునే కేఎంఎస్ సర్వర్‌కూ కొన్ని అంకెలున్నాయి. ఆఫీస్ కోసం కనీసం 5 మెషీన్లు అడిగితేనే అది యాక్టివేట్ చేయడం మొదలుపెడుతుంది, విండోస్ క్లయింట్లకు 25. ఒకసారి చేస్తే 180 రోజులు. రెండు మూడు మెషీన్లతో పైలట్ మొదలుపెట్టి "యాక్టివేట్ కావట్లేదు" అని టికెట్ పెట్టేది అందుకే.

కరీంనగర్ బ్రాంచికి ఎంతసేపు?

ప్యాకేజీ 2 జీబీ అనుకుందాం. నిజం సైజు మీరు ఏమేం ఎంచుకున్నారో దాన్నిబట్టి మారుతుంది. హైదరాబాద్ ఫ్లోర్‌లో 300 మెషీన్లు, అదే బిల్డింగులో ఫైల్ సర్వర్, మధ్య 1 జీబీపీఎస్ లైను. మొత్తం 600 జీబీ. సెకనుకు 125 ఎంబీ చొప్పున 4,800 సెకన్లు, అంటే కాగితం మీద గంటా ఇరవై నిమిషాలు. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి అయిపోతుంది.

కరీంనగర్ బ్రాంచిలో 40 మెషీన్లే. కానీ లైను 50 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 6.25 ఎంబీ. 80 జీబీకి 12,800 సెకన్లు, మూడున్నర గంటలు దాటుతుంది. అదీ ఆ మూడున్నర గంటలూ అక్కడ ఎవరూ మెయిల్ కూడా చూడకపోతే. ప్యాకేజీని ఒక్కసారే దించి అక్కడి ఒక మెషీన్‌లో పెట్టి, మిగతావి దాని దగ్గర తీసుకునేలా చేస్తే బయటి లైను మీద పడేది 2 జీబీయే: 320 సెకన్లు. టెక్నాలజీ ఏది ఎంచుకున్నా ముందు ఈ గుణకారం చేయాలి.

స్ట్రీమింగ్ ఈ లెక్కను కొంచెం మారుస్తుంది. ప్రోగ్రామ్ తెరవడానికి కావలసిన ముక్క ముందు వచ్చి, మిగతాది అవసరం పడ్డప్పుడు వస్తుంది. దీన్ని చివరిదాకా లాగితే వచ్చేది షేర్డ్ కంటెంట్ స్టోర్: మెషీన్ మీద దాదాపు ఏదీ నిల్వ ఉండదు, అన్నీ ఫైల్ సర్వర్ నుంచే చదువుకుంటుంది. వీడీఐలో డిస్క్ ఆదా చేయడానికి పెట్టారు. కేబుల్ పరీక్షకు ఉన్న మినహాయింపు ఇదే. ఈ పద్ధతిలో ఉన్న వర్డ్‌కు నెట్‌వర్క్ పోయినా టైపింగ్ కాసేపు సాగుతుంది, ఎప్పుడూ నొక్కని మెనూ నొక్కారో, అక్కడే ఆగుతుంది.

మాక్రోలు, యాడ్-ఇన్‌లు, గౌతమి ఫాంటు

చిన్నవిగా కనిపించి ప్రాజెక్టును నెలలు వెనక్కి లాగేవి ఇవే.

యాడ్-ఇన్ అంటే ఎక్సెల్ లోపల కూర్చునే మూడో పార్టీ సాఫ్ట్‌వేర్. అది బయట ఇన్‌స్టాల్ అయి, ఎక్సెల్ బుడగలో ఉంటే ఇద్దరూ ఒకరికొకరు కనిపించకపోవచ్చు. దాన్ని విడిగా సీక్వెన్స్ చేసి, రెండు బుడగలనూ కనెక్షన్ గ్రూప్ అనే ముడితో కలపాలి. ఒక యాడ్-ఇన్ అయితే సరే. ఫైనాన్స్, లీగల్, సేల్స్ టీములు తలా ఐదు వాడితే, ఏ యూజర్‌కు ఏ ముడి అన్న పట్టికే ఒక ఎక్సెల్ షీట్ అవుతుంది.

ఇక మాక్రోలు, అంటే ఆఫీస్ ఫైళ్లలోనే రాసిపెట్టుకునే చిన్న ప్రోగ్రామ్‌లు. 32 బిట్ ఆఫీస్ కాలంలో రాసిన వీబీఏలో (మాక్రోలు రాసే భాష) విండోస్ ఫంక్షన్లను పిలిచే ‘డిక్లేర్’ లైన్లు ఉంటే, 64 బిట్‌లో ‘పీటీఆర్‌సేఫ్’ అన్న మాట చేర్చకపోతే కంపైలే కావు. బుడగ దీన్ని బాగుచేయలేదు. ఆఫీస్ 2019 నుంచి డిఫాల్ట్ 64 బిట్ కాబట్టి, పదేళ్ల కిందట మానేసి వెళ్లిన ఒక అబ్బాయి రాసిన మాక్రో మీద నడుస్తున్న నెలవారీ రిపోర్టు ఒకటి ప్రతి కంపెనీలోనూ బయటపడుతుంది. ఎప్పుడూ నెలాఖరు రోజే బయటపడుతుంది.

ఫాంట్ల సంగతి మన భాషకు దగ్గరిది. ఒకచోట ప్రభుత్వ కార్యాలయాలకు తెలుగులో ఉత్తరాలు తయారుచేసే డెస్క్ ఉండేది. అన్నీ గౌతమి ఫాంట్‌లో. కొత్త మెషీన్లకు మారాక రెండు పేజీల ఉత్తరం మూడు పేజీలైంది, సంతకం ఒంటరిగా మూడో పేజీకి జారింది. తప్పంతా వర్చువలైజేషన్ మీద పడింది. అసలు కారణం వేరు. విండోస్ 10 నుంచి గౌతమి డిఫాల్ట్‌గా ఉండదు, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ఆప్షనల్ ఫీచర్‌లో ఉంటుంది. కొత్త ఇమేజ్‌లో, అంటే అన్ని మెషీన్లలోకీ నకలు దించే విండోస్ నమూనాలో, దాన్ని ఎవరూ ఎక్కించలేదు, వర్డ్ దానికి దొరికిన మరో తెలుగు ఫాంట్ వేసేసింది. ఫాంట్‌ను ఆఫీస్ బుడగలో పెడదామా అన్నారు. పెడితే బుడగ బయటి ప్రోగ్రామ్‌లకు అది దొరుకుతుందన్న భరోసా ఉండదు. అందరూ వాడేది అందరికీ కనిపించే చోట, అంటే విండోస్ ఇమేజ్‌లోనే ఉండాలి.

ముగ్గురి వాదనలు

ప్యాకేజింగ్ వాళ్లు బుడగను ఇష్టపడటానికి బలమైన కారణం వెనక్కి మళ్లగలగడం. కొత్త వెర్షన్‌తో తేడా వస్తే పాత ప్యాకేజీని మళ్లీ పబ్లిష్ చేస్తే సరి. ఒకే విండోస్ ఇమేజ్‌తో నాలుగు డిపార్ట్‌మెంట్లకు నాలుగు రకాల సరుకు ఇవ్వొచ్చు. విండోస్ మారినప్పుడల్లా అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

వీడీఐ నడిపేవాళ్లు అడ్డంగా తల ఊపుతారు. అందరూ వాడే ఆఫీస్‌ను ఇమేజ్‌లోనే పెట్టేసి, షేర్డ్ యాక్టివేషన్ ఆన్ చేసి, యూజర్ డేటాను మాత్రం వేరే డిస్క్‌లో ఉంచమంటారు. మైక్రోసాఫ్ట్ 2018లో కొన్న ఎఫ్ఎస్‌లాజిక్స్ చేసేది ఆ చివరి పనే. మెయిళ్ల కాపీ ఉండే అవుట్‌లుక్ కాష్ ఫైల్ సగటున 5 జీబీ అనుకుంటే 400 మందికి 2,000 జీబీ. ఆ బరువంతా ఒక ఫైల్ షేర్ మీద ఉంటుంది, షిఫ్టు మారే పది నిమిషాల్లో అందరూ ఒకేసారి తెరుస్తారు. అక్కడ డిస్క్ వేగం చాలకపోతే ఏ వర్చువలైజేషనూ కాపాడదు. యాప్‌లను విడిగా తగిలించే ఎంఎస్ఐఎక్స్ యాప్ అటాచ్ వచ్చాక కూడా, ఆఫీస్‌ను ఇమేజ్‌లో ఉంచడమే మామూలు పద్ధతి.

భద్రత వాళ్ల మాట వీళ్లిద్దరికీ నచ్చదు. బుడగ అనగానే లోపలిది బయటికి హాని చేయదనుకుంటారు. అది తప్పు. బుడగలోని వర్డ్ మీ డాక్యుమెంట్లను మామూలు వర్డ్‌లాగే చదువుతుంది, రాస్తుంది, తుడిచేస్తుంది. మోసపు మాక్రో వస్తే ఫైళ్లకు అంతే ధీమాగా తాళం వేస్తుంది. ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి తగువులాడకుండా కట్టిన గోడ ఇది, దొంగను ఆపడానికి కట్టింది కాదు. కాబట్టి సపోర్టు ముగిసిన ఆఫీస్ 2016ను బుడగలో పెట్టి సురక్షితం అనుకోవడం కుదరదు.

నాకైతే ఇప్పుడు రెండోవాళ్ల వైపే మొగ్గు. అందరికీ కావలసిన ఆఫీస్‌కు బుడగ ఇచ్చే లాభం తక్కువ, తలుపుల ఖర్చు ఎక్కువ. కొద్దిమందే వాడే, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని మొండి సాఫ్ట్‌వేర్‌కు మాత్రం బుడగ ఈనాటికీ మంచిదే. గడువు ముగిసేది ఆప్-వీ సర్వర్‌కు. క్లయింట్ విండోస్ ఎంటర్‌ప్రైజ్‌లో 2016 నుంచి భాగంగానే ఉంది, సర్వర్ లేకుండా వేరే మేనేజ్‌మెంట్ టూల్‌తోనో స్క్రిప్టుతోనో ప్యాకేజీ దించొచ్చు. మేడమ్ గారి కంపెనీలోనే ఆఫీస్ 2010 నాటి యాక్సెస్ (ఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రామ్) టూల్ ఒకటి నలుగురు వాడేవాళ్లు. ఆ వెర్షన్‌కు సపోర్టు 2020 అక్టోబరు 13నే పోయింది. బుడగలో పెడదామన్న మాట వచ్చింది, కానీ పక్కన 64 బిట్ ఆఫీస్, ఇది 32 బిట్. ఒకే మెషీన్ మీద రెండూ పొసగవు. చివరికి ఇంటర్నెట్ లేని ఒక వర్చువల్ మెషీన్‌లో దాన్ని పెట్టి, కిటికీ మాత్రం ఆ నలుగురికి పంపాం.

అప్‌డేట్ ఎప్పుడు దిగుతుంది?

మామూలు ఇన్‌స్టలేషన్‌లో క్లిక్-టు-రన్ తన అప్‌డేట్ తనే చూసుకుంటుంది. ఆప్-వీ ప్యాకేజీలో అలా కుదరదు. టూల్‌తో కొత్త ఫైళ్లు దించి, మళ్లీ ప్యాకేజీ కట్టి, మళ్లీ పబ్లిష్ చేయాలి. భద్రతా ప్యాచ్‌లు నెలనెలా వస్తాయి కాబట్టి ఇది నెలనెలా చేసే పని. అందులోనూ ఒక మెలిక ఉంది. ప్యాకేజీలోని ఏ ప్రోగ్రామ్ అయినా తెరిచి ఉంటే మార్పు వెంటనే జరగదు, పెండింగ్‌లో పడుతుంది. యూజర్ ఖాతాకు చేసిన పబ్లిషింగ్ అయితే లాగ్ ఆఫ్ చేసి మళ్లీ లాగిన్ అయినప్పుడు పూర్తవుతుంది. గ్లోబల్ అయితే రీస్టార్ట్ దాకా ఆగాలి. ఆఫీస్ ఎప్పుడూ గ్లోబలే.

ఆ సోమవారం మధ్యాహ్నం ప్యాకేజీని గ్లోబల్‌గా మార్చి పబ్లిష్ చేశాం. మంగళవారం పొద్దున ఆ ఫ్లోర్‌లో అందరి ఎక్స్‌పోర్టూ పనిచేసింది, మేడమ్ గారిది తప్ప. అదే డబ్బా, అదే 429. నేను వెళ్లి చూస్తే నిన్నటి ట్రయల్ బ్యాలెన్స్ షీటు ఎక్సెల్‌లో తెరిచే ఉంది.

"రాత్రి వెళ్లేటప్పుడు షట్‌డౌన్ చేశారా మేడమ్?"

"రోజూ చేస్తాను కదా," అంటూ ఆవిడ లాప్‌టాప్ మూత మూసి చూపించారు.